కారులో కోళ్ల గంప

మా నాన్న 1998లో కొన్న తెల్ల మారుతి 800 ఇంకా మా దగ్గరే ఉంది. విశాఖలో ఇరవై ఏళ్లు తిరిగి, నాన్న పోయాక నాతో హైదరాబాద్ వచ్చింది. నెలకో ఆదివారం మేం ఓ పదిమందిమి శంషాబాద్ దాటాక ఉన్న ఖాళీ మైదానంలో కోన్లు పెట్టుకుని ఆటోక్రాస్ ఆడుకుంటాం. పెద్ద స్పీడేమీ ఉండదు. మట్టి లేపుకోవడం, నవ్వుకోవడం, మధ్యాహ్నానికి ఇడ్లీ తిని ఇంటికి రావడం.

మొన్న చలికాలంలో అక్కడే ఓ మిత్రుడి 800 పల్టీ కొట్టింది. అది కూడా ఎంత నెమ్మదిగానో! ముసలావిడ మంచం మీద పక్కకి ఒత్తిగిలినట్టు. ముందు చక్రం మట్టి గట్టు ఎక్కింది, బండి కాసేపు తటపటాయించింది, పక్కకి పడుకుంది, ఆ తర్వాత తీరిగ్గా తిరగబడింది. మావాడికి చెవి పైన నాలుగు కుట్లు పడ్డాయి. బండిని లేపి చూస్తే డ్రైవర్ వైపు ముందు పిల్లర్, అంటే ముందు అద్దం పక్కన పైకప్పుని మోసే స్తంభం, జానెడు కిందికి దిగిపోయి ఉంది.

ఆ రాత్రే మా వాట్సాప్ గ్రూపులో అందరికీ రోల్ కేజ్, అంటే బండి తిరగబడితే పైకప్పు నలగకుండా లోపల బిగించే ఉక్కు పైపుల గూడు, కావాల్సి వచ్చింది. నాక్కూడా. మూడు నెలలు దాని మీదే పడ్డాను. కొలతలు తీశాను, షాపులు తిరిగాను, ఇంట్లో విసిగించాను. అమ్మ అంతా విని, "అంటే కారు లోపల కోళ్ల గంప బోర్లిస్తావా?" అంది. ఇంతకంటే బాగా ఎవరూ వర్ణించలేదు.

చివరికి నాన్న బండికి కేజ్ పెట్టించలేదు. రోడ్డు మీద తిరిగే చిన్న కారులో కేజ్ ఉండకూడదనీ, పోటీకి వాడే కారులో అరకొర కేజ్ ఉండకూడదనీ నాకు నమ్మకం కుదిరింది. మా గ్రూపులో సగం మందికి ఇది నచ్చలేదు. నాకే కొన్ని అనుమానాలు మిగిలిపోయాయి. అవి కూడా రాస్తాను.

కాళ్లు ఎక్కడ ఆనాలి

కేజ్ అనగానే అందరూ పైపు గురించి మాట్లాడతారు. నాలుగు పాయింట్లదా (అంటే బాడీకి నాలుగు చోట్ల ఆనేదా), ఆరు పాయింట్లదా, తలుపు దగ్గర అడ్డ పైపు ఒకటా, ఇంటూ ఆకారంలో రెండా. నేనూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాను. మా టింకరింగ్ మేస్త్రి మాత్రం ఇవేవీ అడగలేదు. సీట్లు విప్పించాడు, కార్పెట్ లేపాడు, స్క్రూడ్రైవర్ మొనతో ఫ్లోర్ మీద టకటకా కొట్టుకుంటూ వెళ్లాడు. డ్రైవర్ సీటు వెనక, తలుపు గడప పక్కన, చప్పుడు మారింది. అక్కడ కొంచెం నొక్కాడు. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది.

నేను కింద పడుకుని చూస్తే మొన బయటికి కనిపిస్తోంది. ఇరవై ఏళ్ల విశాఖ ఉప్పుగాలి మరి. నాన్న ప్రతి ఆదివారం బండిని తళతళా మెరిసేలా కడిగేవారు, పైపైన.

కేజ్‌లో సీట్ల వెనక కమానులా నిలబడే పెద్ద పైపుని మెయిన్ హూప్ అంటారు. దాని కాలు ఆనాల్సింది సరిగ్గా ఆ చోటే.

800కి విడిగా ఛాసిస్ ఉండదు. రేకే దాని ఎముక. బండి మొత్తం కలిపి దాదాపు 650 కిలోలు. తిరగబడితే ఆ బరువంతా హూప్ మీద పడి, దాని కాళ్లలోంచి ఫ్లోర్‌కి చేరుతుంది. ఫ్లోర్ పట్టుకోలేకపోతే కాలు రేకుని చీల్చుకుని అవతలికి పోతుంది. పైపు వెంట్రుకవాసి వంగకుండానే పైకప్పు తల మీదికి వచ్చేస్తుంది. ఇది తెలిశాక నాకు పైపుల మీద ఉన్న మోజు సగం తగ్గింది.

ప్రపంచ మోటారు క్రీడల సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లో, అపెండిక్స్ జె 253వ ఆర్టికల్‌లో, దీనికి లెక్క ఉంది. బోల్టులతో బిగించే కేజ్ అయితే మెయిన్ హూప్, ముందు పైపుల ఒక్కో కాలి కిందా కనీసం 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం మూడు ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టులు, అవీ 8.8 అనే గట్టి గ్రేడువి. 120 చదరపు సెంటీమీటర్లంటే ఎంతో తెలియక నా ఫోన్ కొలిచాను. దాదాపు అంతే. ఒక్కో కాలి కింద ఒక ఫోనంత ప్లేటు. రేకు ఆరోగ్యంగా ఉందనుకుని చెప్పిన కనీసం ఇది. పాతికేళ్లు తుప్పు తిన్న రేకుకి ఎంత కావాలో ఏ పుస్తకం చెబుతుంది? చెప్పాల్సింది ఆ స్క్రూడ్రైవరే.

తుప్పు పట్టినంత మేరా కోయించి కొత్త రేకు వేయించాను. కేజ్ కోసం దాచుకున్న డబ్బులో సగం ఒక్క అడుగు పైపు కొనకముందే అయిపోయింది. ఆ ఖర్చుకి మాత్రం నాకు బాధ లేదు. కేజ్ ఉన్నా లేకపోయినా ఆ ఫ్లోర్ మీదే కదా మేం కూర్చునేది.

బోల్టుల కేజ్ అయితే "వద్దనుకున్నప్పుడు విప్పేయొచ్చు" అంటారు. విప్పేయొచ్చు. కన్నాలు మాత్రం ఉండిపోతాయి. ఆ కన్నాల్లోకి వానాకాలంలో నీళ్లు వెళ్తాయి, మళ్లీ తుప్పు మొదలవుతుంది. వెల్డింగ్ కేజ్ అయితే రేకు పల్చన, ప్లేటు మందం. మామూలు ఆర్క్ రాడ్ పెట్టేవాడి చేతికిస్తే రేకు కాలి బొక్క పడుతుంది. సన్నని తీగతో అతికే మిగ్ వెల్డింగ్ కావాలి, చేయి తిరిగిన మనిషీ కావాలి.

ఏనుగు ఎక్కినా వంగని పైపు

మా మైదానానికి వెళ్లే దారిలో ఒక వెల్డింగ్ షాపుంది. గేట్లు, గ్రిల్స్, జీపుల మీద క్యారియర్లు చేస్తారు. మా గ్రూపులో ఇద్దరు అక్కడే రెండ్రోజుల్లో కేజ్ చేయించుకున్నారు. నేను వెళ్లి అడిగితే ఆయన గోడకి ఆనించిన పైపు మీద చరిచి, "ఏనుగు ఎక్కినా వంగదన్నా గిది" అన్నాడు.

అబద్ధమేమీ చెప్పలేదు. అది ఇంచిన్నర మీడియం క్లాస్ నీళ్ల పైపు. పేరుకి ఇంచిన్నరేగానీ బయటి కొలత 48.3 మిల్లీమీటర్లు, మందం 3.2. ఎఫ్ఐఏ మెయిన్ హూప్‌కి అడిగేది 45 మిల్లీమీటర్ల పైపు 2.5 మందంతో, లేదంటే 50 మిల్లీమీటర్లది 2 మందంతో. మిగతా పైపులు 38కి 2.5, లేదా 40కి 2 ఉంటే చాలు. కాగితం మీద నీళ్ల పైపే గెలిచింది. రెండ్రోజులు నేను కూడా అలాగే అనుకుని, అనవసరంగా పెద్ద పెద్ద పుస్తకాలు చదువుతున్నానేమో అని సిగ్గుపడ్డాను.

తర్వాత బరువు లెక్కేశాను. ఆ నీళ్ల పైపు మీటరుకి మూడున్నర కిలోలు పైనే తూగుతుంది. 45 మిల్లీమీటర్లది రెండుంపావు నుంచి రెండుముప్పావు మధ్య, 40ది రెండు కిలోల లోపు. చిన్న కారే అయినా ఆరు పాయింట్ల కేజ్‌కి నా కొలతల ప్రకారం ఇరవై రెండు మీటర్ల పైపు పట్టింది. నీళ్ల పైపుతో చేస్తే 78 కిలోలు, నిబంధన ప్రకారం చేస్తే 45 చుట్టుపక్కల. తేడా ముప్పై మూడు కిలోలు. కార్బురేటర్ రోజుల 800కి ఉన్నదే నలభై హార్స్‌పవర్ కూడా లేని ఇంజను. దాని మీద పదేళ్ల పిల్లాణ్ణి ఎక్కించుకుని తిరిగినట్టే. పైగా ఆ బరువులో చాలా భాగం పైకప్పు దగ్గర ఉంటుంది. పల్టీ కొడితే కాపాడమని పెట్టింది పల్టీకి మరికాస్త దగ్గర చేస్తుంది.

ఇక అసలు సంగతి వంపుల దగ్గర ఉంది. ఆ షాపులో పైపులో ఇసుక నింపి, గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచుతారు. మెట్ల రెయిలింగ్‌కి చక్కగా పనికొస్తుంది. నిబంధన మాత్రం వేడి చేయకుండానే వంచాలంటుంది. వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. వంచినచోట పైపు నొక్కుకుపోయి కోడిగుడ్డులా అయితే, చిన్న కొలత పెద్ద కొలతలో 0.9 వంతుకి తగ్గకూడదు. నేను కొలిచే వెర్నియర్ తీసుకెళ్లి, అక్కడ చేయించుకున్న ఇద్దరిలో ఒకడి కేజ్ వంపు దగ్గర పెట్టాను. ఒకవైపు 52, ఇంకోవైపు 42. అంటే 0.81. లోపలి వైపు చీర కుచ్చిళ్లలా ముడతలు. మొదట వంగేది అక్కడే. ఏనుగు దాకా పోనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అతుకున్న పైపంటే చెడ్డదని మనవాళ్లు అంటారు, సీమ్‌లెస్ (అతుకులేనిది) అంటే దేవుడిచ్చిందని. అంత సులువేం కాదు. అమెరికాలో కేజ్‌లకి బాగా వాడే డీఓఎం పైపు పుట్టుకలో అతుకేసిన పైపే. వెల్డ్ చేశాక లోపల మాండ్రెల్ అనే కడ్డీ పెట్టి, దాని మీద చల్లగా లాగి సాపు చేస్తారు. ఎఫ్ఐఏ దారిలో వెళ్లేవాళ్లకి అతుకులేని, చల్లగా లాగిన కార్బన్ ఉక్కు కావాలి; లాగితే తెగే బలం చదరపు మిల్లీమీటరుకి కనీసం 350 న్యూటన్లు ఉండాలి. రెండు దారుల్లోనూ ఆ పైపు ఏమిటో, ఎక్కడిదో కాగితం ఉంటుంది. మా షాపులో గోడకి ఆనించి ఉన్నదానికి ఏ కాగితమూ లేదు. అది పాత అపార్ట్‌మెంట్‌లోంచి పీకిన పైపు అయినా నాకు తెలిసే దారి లేదు.

క్రోమోలీ అనే ఖరీదైన మిశ్రమ ఉక్కు గురించి అడుగుతారని తెలుసు. మా ఆటకి అనవసరం, వదిలేయండి.

నాలుగు వేళ్ల ఎడం

నేను వెర్నియర్ పెట్టిన ఆ మిత్రుడి కేజ్ కారులో ఒకసారి కూర్చుని చూశాను. నేను ఐదడుగుల పదకొండు అంగుళాలు. సీటు నాకు సరిపడా వెనక్కి జరిపితే తల వెనకభాగానికీ హూప్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాయి. పెద్ద కార్లలో ఇంత ఇబ్బంది ఉండదు. 800లో తలుపు, పైకప్పు, వెనక సీటు అన్నీ మన ఒంటికి ఆనుకునే ఉంటాయి. అందులో పైపు ఎక్కడ పెట్టినా తలకి దగ్గరే.

పోటీలో తల మీద హెల్మెట్ ఉంటుంది. కదలని బకెట్ సీటు ఉంటుంది. భుజాల్ని వెనక్కి పట్టి ఉంచే హార్నెస్ బెల్టు ఉంటుంది. అప్పుడా పైపు దగ్గరగా ఉన్నా ఫర్వాలేదు. హెల్మెట్ పెట్టుకుని పాలప్యాకెట్‌కి ఎవరు వెళ్తారు? మెహదీపట్నం సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక నుంచి ఓ ఆటో గుద్దిందనుకోండి. 800 సీటు వీపు కొంచెం వెనక్కి వాలుతుంది. మామూలుగా అయితే మెడ పట్టేసి రెండ్రోజులు బామ్ రాసుకుంటాం. నాలుగు వేళ్ల దూరంలో ఉక్కు పైపు ఉంటే కథ వేరు.

"ఫోమ్ చుట్టాంగా" అన్నాడు మావాడు. ఏసీ రాగి పైపుకి తొడిగే నల్ల ఫోమ్ అది. వేలితో నొక్కితే పైపు తగిలింది. ఎఫ్ఐఏ 8857-2001 ముద్ర ఉన్న ప్యాడింగ్ వేరేగా ఉంటుంది. బొటనవేలితో గట్టిగా నొక్కినా లొంగదు. హెల్మెట్ పెట్టుకున్న తల బలంగా తగిలితే తప్ప అది తన పని చేయదు. ఉత్త తలకి అదీ గట్టిదే.

పోనీ హార్నెస్ ఒక్కటీ పెట్టుకుని కేజ్ మానేద్దామా అని ఒకరన్నారు. అదీ కుదరదు. హార్నెస్ మనిషిని నిటారుగా కట్టిపడేస్తుంది. పైకప్పు దిగినప్పుడు మామూలు బెల్టులో ఒంగి పక్కకి జారే మనిషి హార్నెస్‌లో జారలేడు. భుజాల పట్టీల్ని వెనక ఫ్లోర్‌కి బిగిస్తే అవి వెన్నుని కిందికి నొక్కుతాయి కూడా. కేజ్, సీటు, హార్నెస్, హెల్మెట్ నాలుగూ ఒక కుటుంబం. ఒకదాన్నే ఇంటికి పిలిస్తే గొడవే.

నన్ను నిజంగా ఆపింది ఈ లెక్కలేవీ కాదేమో. ఒకరోజు మావాడు తన కేజ్ కారులో మమ్మల్ని ఇంటి దగ్గర దింపాడు. మా పాప వెనక సీట్లో ఉంది. ఏడేళ్లు. ఎక్కడమే గుంజీలు తీసినట్టు ఎక్కింది. కాలనీ మలుపులో కుక్క అడ్డం వచ్చి మావాడు బ్రేక్ వేశాడు, గట్టిగా కూడా కాదు. వెనక టక్‌మని చప్పుడు. హూప్‌లో ఏటవాలుగా వెళ్లే పైపు సరిగ్గా పాప నుదురంత ఎత్తులో ఉంది. ఏడవలేదు. నుదురు రుద్దుకుంటూ "నాన్నా, ఇది ఎందుకు పెట్టారు?" అంది. మావాడు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. భద్రత కోసం అని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

2017 డిసెంబరులో కార్ల ముందు బిగించే క్రాష్ గార్డుల్ని కేంద్రం వద్దన్నప్పుడు నేనే విసుక్కున్నాను, ఉక్కు ఎక్కువైతే మంచిదేగా అని. అవి పాదచారులకి ఎముకలు విరగ్గొడతాయి, గుద్దినప్పుడు బండి నలగాల్సినట్టు నలగనివ్వవు. అప్పుడు అర్థం కానిది పాప నుదుటి మీద బొప్పి చూశాక అర్థమైంది.

కుట్లు పడ్డవాడి ప్రశ్న

పల్టీ కొట్టిన మిత్రుడు ఇవన్నీ విని ఒకటే అడిగాడు. "నువ్వు వెర్నియర్ తెస్తావు, పుస్తకం తెస్తావు. ఆ రోజు నా కారులో ఆ నీళ్ల పైపైనా ఉండుంటే పిల్లర్ అంత దిగేదా?"

నిజాయితీగా చెప్పాలంటే, అంత దిగేది కాదేమో. అంత నెమ్మది పల్టీకి నాసిరకం కేజ్ కూడా పైకప్పుని కొంత పట్టుకునేది. ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రెండు మాటలు మాత్రం చెప్పాను. మనవాళ్లు చేయించుకున్నది నాలుగు పాయింట్లది, అంటే సీట్ల వెనక హూప్, దానికి వెనక రెండు కాళ్లు. దిగింది ముందు పిల్లర్. అక్కడ ఈ కేజ్‌కి పైపే లేదు. మనల్ని భయపెట్టిన రోగం ఒకటి, తెచ్చుకున్న మందు ఇంకొకటి. రెండోది, ఆ రోజు నీ హెల్మెట్ వెనక సీట్లో ఉంది.

దీనికి వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు హెల్మెట్ లేకుండా మా మైదానంలో ఇంజను స్టార్ట్ చేయనివ్వం. ఆ నియమం పెట్టింది వాడే.

వెనక సీటు తీసేసి, ఇద్దరే కూర్చునేలా వాడుకుంటే నాలుగు పాయింట్ల హూప్ తప్పేమిటి అని ఇంకో వాదన. పైకప్పు లేని కార్లకైతే నేను ఒప్పుకుంటాను, అక్కడ తల పైన అడ్డుగా ఇంకేమీ ఉండదు మరి. 800కి వెనక సీటు తీసేస్తే అది ఎందుకు కొన్నట్టు? నాన్న, అమ్మ, నేను, అక్క, మధ్యలో అప్పడాల డబ్బా... సింహాచలం వెళ్లొచ్చింది ఆ వెనక సీట్లోనే.

చట్టం సంగతి క్లుప్తంగా: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండిని ఐదేళ్లకోసారి ఆర్టీఏ వాళ్లకి చూపించి ఆర్సీ పొడిగించుకోవాలి. అక్కడికి గంపతో వెళ్లే ధైర్యం నాకు లేదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లకి కాగితం మీద ఒక సాకు మనమే రాసిచ్చినట్టవుతుంది.

ఈ 796 సీసీ ఇంజనుకి పైపుల గూడు కొత్తేమీ కాదు. ఎనభైల చివర్లో కోయంబత్తూరులో కరివర్ధన్ ఇదే ఇంజనుని పైపుల ఫ్రేములో పెట్టి ఒంటి సీటు రేసు కారు ఫార్ములా మారుతి తయారుచేశారు. ఎంతోమంది మన రేసర్లు అందులోనే ఓనమాలు దిద్దుకున్నారు. అక్కడి రేసు ట్రాక్ కరి స్పీడ్‌వే ఆయన పేరు మీదే ఉంది. అది రేసుకి తప్ప దేనికీ పనికిరాని బండి. అందులో ఎవరూ పిల్లల్ని బడికి దింపరు. ఆ తేడా గుర్తుకొచ్చాకే నా తల తేలికైంది.

మేం ముగ్గురం కలిసి ఇంజను పోయిన ఒక 800ని, కేవలం దాని బాడీ కోసం కొన్నాం. ఆరు పాయింట్ల వెల్డింగ్ కేజ్, తలుపుల దగ్గర ఇంటూ ఆకారంలో పైపులు, వెనక సీటు ఉండదు, రోడ్డెక్కదు. రాణిగంజ్‌లో తిరిగి తిరిగి టెస్ట్ సర్టిఫికెట్‌తో సహా సీమ్‌లెస్ పైపు తెచ్చాం. మొదటి షాపాయన "పైపుకి సర్టిఫికెట్ ఏంటి సార్, పెళ్లి సంబంధమా?" అన్నాడు. వెల్డింగ్ మొదలుపెట్టే ముందే బొమ్మ గీసి, పోటీల్లో బండ్లు తనిఖీ చేసే ఒక స్క్రూటినీర్‌కి చూపించాం. ముందు పైపుల వంపు ఒకటి మార్చమన్నారు. వెల్డింగ్ అయ్యాక చూపించి ఉంటే మొత్తం కోయాల్సి వచ్చేది.

ఇందులో కష్టాలు లేకపోలేదు. ప్రతి ఆదివారం ట్రక్కు మీద బండిని తీసుకెళ్లాలి, ఆ బాడుగే పెట్రోలుకి నాలుగింతలు. ముగ్గురికీ ఒకే బండి కాబట్టి వంతులు, అలకలు. అన్నిటికంటే, నాన్న బండి ఇప్పుడు మైదానానికి రాదు. ఆయన నేర్పిన స్టీరింగ్‌తోనే ఆ మట్టిలో తిరగడం నాకు వేరే సంతోషం. అది పోయింది. సరిగ్గా చేశానా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పోయిన ఆదివారం ఆ కొత్త బాడీలో కార్పెట్ మొత్తం లేపి, సుద్దముక్కతో ఆరు చోట్ల ఫోనంత గళ్లు గీశాం. మా మేస్త్రి తన స్క్రూడ్రైవర్ తీసుకుని ఒక్కో గడి మీదా కొట్టుకుంటూ వెళ్లాడు. ఐదు గట్టిగా మోగాయి. ఆరోదాని దగ్గర ఆగాడు. చెవి వంచి, ఇంకోసారి కొట్టాడు.